డల్సీ దాచిన పాటలు

డల్సీ చేతి రొట్టె తినని పాటగాడు ఆ ఎర్రమట్టి సీమలో ఉండడు. ఆలిస్ స్ప్రింగ్స్ పట్నం నుంచి పడమరగా కారులో ఆరు గంటలు పోతే వచ్చే ఊరు ఆమెది. బడి వంటగదిలో గరిటె తిప్పే మనిషి. సంగీతం ఓనమాలు తెలియవు. అయినా ఎండువాగు బ్యాండ్ పుట్టింది ఆమె పెరట్లోనే.

పెద్దకొడుకు ఎక్కడినుంచో నాలుగు తీగలు మిగిలిన గిటారు తెచ్చుకున్నాడు. చెల్లెలు ఎడ్నా కొడుకు పాలపొడి డబ్బాలు బోర్లించి దరువేసేవాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ కొడుకులకు తమ తండ్రి పేరే పెట్టుకోవడంతో కుర్రాళ్ళిద్దరిదీ ఒకటే పేరు.

"ఒరేయ్, డబ్బా ఖాళీ కాకుండానే ఎత్తుకుపోతే రేపు పిల్లల టీలో ఏం పొయ్యనురా?"

"నీళ్ళు పొయ్యి పెద్దమ్మా, రోజూ పోసేవేగా!"

ఆ మాటకు అందరికంటే ముందు డల్సీయే నవ్వేది.

తర్వాత బేస్ గిటారుతో బైరన్ చేరాడు. ఫుట్‌బాల్ పోటీలు ఏ ఊళ్ళో జరిగినా పగలంతా ఆట, పొద్దు వాలితే వీళ్ళ పాట. ఆడవాళ్ళు బొమ్మలు వేసుకునే షెడ్డులో, గోడల నిండా డల్సీ దుప్పట్లు కట్టి, తమ భాషలో తొలి పాటలు వాళ్ళంతట వాళ్ళే రికార్డు చేసుకున్నారు. ఆ చలికాలమంతా ఆమె కుక్కల వెచ్చదనంతోనే పడుకుంది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఇంగ్లీషులో పాడితే పైకొస్తారన్నాడు.

"మా వాగుకి ఇంగ్లీషు రాదన్నా," అన్నాడు పెద్దకొడుకు.

ఆ పాటలు రేడియోలో ఊరూరా మోగాయి.

ఇరవై తొమ్మిదో ఏట గుండెజబ్బు ఆ కొడుకును తీసుకుపోయింది. వాళ్ళ ఆచారంలో పోయినవాడి పేరు పలకకూడదు, గొంతు వినిపించకూడదు. రేడియోవాళ్ళు పాటలు ఆపేశారు. ఫోటోలూ డిస్కులూ డల్సీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. పేరు ఒకటే కాబట్టి చెల్లెలి కొడుకును అందరూ డబ్బా అని పిలవసాగారు. మళ్ళీ ఆ పాటలు పాడాలన్నా, ఆ పేరు పలకాలన్నా తల్లి నోట మాట రావాలి. ఆమెను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

మూడేళ్ళు గడిచాయి. బ్యాండ్ పాటల్లేక మూలపడింది. బైరన్ గనుల్లో పనికి పోతానంటున్నాడు. పెట్టె తెరిస్తే కొడుకు రెండోసారి పోతాడని డల్సీ భయం. తెరవకపోతే వాడు కట్టిన బ్యాండ్ పోతుంది.

ఒకరోజు కంగారూ తోక కాలుస్తూ ఎడ్నా ఉండబట్టలేకపోయింది.

"నీకు కొడుకు పోయాడక్కా, కాదనను. నా కొడుక్కి పేరు పోయింది. కన్నతల్లిని, వాణ్ణి డబ్బా అని పిలుచుకుంటున్నా. నాన్న పేరు మన ఇంట్లో ఇంక వినపడదా?"

తోక మాడిపోయేదాకా డల్సీ మంటనే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం బడి వంట ముగించి, ఇనప్పెట్టె చంకనెత్తుకుని షెడ్డుకు వెళ్ళింది. బైరన్ తీగలు విప్పి మూట కడుతున్నాడు. చెల్లెలి కొడుకు అటు తిరిగి డ్రమ్ముల మీద గుడ్డ కప్పుతున్నాడు.

"సెల్విన్!"

వాడి చేతిలో గుడ్డ జారిపోయింది. పెద్దమ్మ ఎవరిని పిలిచిందోనని చుట్టూ చూశాడు.

"నిన్నేరా. ఎండువాగు పాట ఎత్తుకో," అని డల్సీ పెట్టె కింద దించి, దాని మీదే కూర్చుంది.