ఫస్ట్ షిఫ్టులో సముద్రం

మా ఇంటావిడ సింహాచలమ్మ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకానే చదివాను. అయితేనేం, నా దస్తూరీని మా మాస్టారు పై తరగతి పిల్లలకు చూపించి సిగ్గు తెచ్చుకోమనేవారు. కాబట్టి రాయగలను.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు బలరాం. భిలాయి ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరయ్యాను. ఉక్కు కరిగించే షాపులో, ఇల్లంత బకెట్టు నిండా మరుగుతున్న ఉక్కును మనుషుల నెత్తి మీదుగా తీసుకుపోయే పని నాది. నా క్రేన్ కదులుతుంటే కిందివాళ్ళు తలెత్తి చూసేవారు కాదు. బలరాం ఉన్నాడంటే అంత ధైర్యం. సేఫ్టీ బహుమతి రెండుసార్లు అందుకున్నాను. తెలుగు సంఘం వాళ్ళు శాలువా కప్పారు. మరమ్మతుల కోసం షాపు ఆపే షట్‌డౌన్ పనికి పిలిస్తే ఏనాడూ రానన్నది లేదు. నాతోటివాళ్ళు సెలవు పెట్టి, పెళ్ళాం పిల్లల్ని ఊటీకీ గోవాకీ తిప్పుకొచ్చినప్పుడు కూడా నేను క్రేన్ మీదే ఉన్నాను.

ఇవన్నీ నా గొప్పలే గాని, సింహాచలమ్మ లేకపోతే ఒక్కటీ లేదు. ఫస్ట్ షిఫ్ట్ ఆరింటికి మొదలవుతుంది. ఆవిడ నాలుగింటికే లేచేది. ఖాళీ కేరేజీతో నేను గేటు దాటిన రోజు లేదు.

ఆవిడ చేసింది అదొక్కటే కాదు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగిన కుర్రాళ్ళు, సంచి చంకన పెట్టుకుని తిన్నగా మా క్వార్టరుకే వచ్చేవారు. మొదటి ముద్ద మా ఇంట్లోనే. ఉద్యోగం దొరికేదాకా వరండాలో పడక. ఎవరి తాలూకు అని అడిగేది గాని ఎన్నాళ్ళుంటావని ఎవరినీ అడగలేదు. ఈ ఊళ్ళో ఇవాళ బట్టతలలతో తిరుగుతున్న పెద్దమనుషులు చాలామంది ఆవిడ చేతి ఎండుచేపల వంకాయ కూర తిన్నవాళ్ళే.

అలాంటి మనిషిని అండమాన్ తీసుకెళ్ళాలని మా మనవరాలు అమ్ము పట్టుబట్టింది. రాయపూర్‌లో ఉద్యోగం. మా కూతురి కూతురు. ఓ శనివారం పొద్దున్నే భిలాయిలోనే రిసాలీలో ఉన్న మా ఇంటికి వచ్చి, ఫోను తీసి మా ముందు పెట్టింది. నీలం రంగు నీళ్ళు, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్ల మధ్య పాక లాంటి గదులు. నాకైతే ఒళ్ళు జల్లుమంది!

"తాతయ్యా, డిసెంబరులో నాకు ఛుట్టీ దొరికింది. రేపట్లోగా టిక్కెట్లు తియ్యాలి, లేకపోతే సీట్లు ఖతం. రాయపూర్ నుంచి కలకత్తా, అక్కడ్నుంచి సీదా దీవికి. కాటేజీ బీచ్ ఎదురుగానే. అమ్మమ్మా, బోలో, పక్కా?"

సింహాచలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు.

"అక్కడ మనోళ్ళెవరున్నారు?"

"మనోళ్ళు ఎందుకు? హోటల్ ఉంది కదా!"

"మనోళ్ళు లేని ఊరికి ఎల్లడమేటే గుంటా? నానెక్కడికెల్లినా ఓ ఇల్లుండాల. 'ఒచ్చీసినారా' అని ఒక్కలైనా అడగాల. డబ్బులిచ్చి తిని, తాళం ఏసుకుని తొంగుంటానేటి? మీ తాతని తీసుకెల్లు. నాను రాను."

"నేనొక్కడినీ వెళ్ళి ఏం చేస్తానే?" అన్నాను.

"క్రేన్ ఉంటే ఎక్కండి," అంది.

ఆవిడ లేకుండా నేను వెళ్ళను. నన్ను ఫస్ట్ షిఫ్టుకి పంపిన మనిషిని ఇంట్లో వదిలి సముద్రం చూసి వస్తే ఆ శాలువా ముఖానికి కప్పుకోవలసిందే. అలాగని ఊరుకునే రకాన్నీ కాదు. షట్‌డౌన్ అంటే ఏ పని ఏ షిఫ్టులో జరగాలో ముందే పంచేస్తారు. అలాగే యాత్రకీ నేను పంపకం వేశాను. ఫస్ట్ షిఫ్టులో సెల్యులార్ జైలు, మ్యూజియం, బజారు. ఎండ తగ్గాక సెకండ్ షిఫ్టులో సముద్రం. విశాఖపట్నం బీచికి జనం సాయంత్రమే కదా వస్తారు! స్నానం, తాపీగా కొబ్బరినీళ్ళు, చీకటి పడే వేళకి కాల్చిన చేప. అమ్ము విని, "సూపర్, తాతయ్యా!" అంది.

ఇక మిగిలింది మనవాళ్ళు. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. నాకు తెలియని తెలుగువాడు ఈ చుట్టుపక్కల లేడు. దీవుల్లో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని నందిని గనుల వాళ్ళని అడిగాను. కుమ్హారిలో ఒక దుకాణదారుని అడిగాను. చివరికి చరోదా రైల్వే కాలనీలో ఉన్న దుర్గారావు గుర్తొచ్చాడు. మా వరండాలో ఒక వానాకాలమంతా పడుకుని రైల్వేలో చేరిన కుర్రాడు. ఇప్పుడు వాడికీ మనవలు.

"దీవుల్లోనా? మా పెద్దప్ప పైడమ్మ అక్కడే కద బావా! పెళ్ళయ్యాక ఎల్లిపోనాది. ఆళ్ళాయనకి పడవుంది. సింహాచలమప్పకి నానెప్పుడూ సెప్పలేదేటి?"

"ఎప్పుడూ తినడమే గాని చెప్పిందెక్కడరా!"

నవ్వుతూనే నంబరిచ్చి, తనూ ఆవిడకి ఒక మాట చెప్పి ఉంచుతానన్నాడు. కాసేపాగి అమ్ము వీడియో కాల్ కలిపింది. తెరమీద నుదుట పెద్ద బొట్టుతో ఒకావిడ, వెనకాల వలలు. నేను పేరు చెప్పేలోగానే అరిచింది.

"ఓలమ్మా, బలరాం బావా? మా తమ్ముడికి అన్నం పెట్టిన అప్ప ఏదీ? సూపించు!"

సింహాచలమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది. ఇద్దరూ ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్ళు కారు. అయినా చిన్ననాటి నేస్తాల్లా మొదలెట్టారు.

"కోనాం సేప దొరుకుద్దేటి అక్కడ?" అంది మా ఆవిడ.

"దొరకడమేటప్పా! మా ఆయన పడవలోంచి తిన్నగా పొయ్యికాడికే. నువ్వొచ్చిన్రోజు పులుసు పెడతాను."

"సింతపండు నాను తెస్తాను."

అప్పటికే నా గుండె క్రేన్ గంటలా మోగుతోంది. ఉత్సాహం పట్టలేక నా షిఫ్టుల పంపకం పైడమ్మకి వినిపించాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"సాయంకాలం సముద్రమేటి బావా? ఇక్కడ ఐదు కొట్టేసరికి సీకటైపోద్ది. కొబ్బరినీళ్ళు తాపీగా తాగితే ఏం సూస్తావు? తెల్లారగట్ట ఎల్లాల. ఐదున్నరకల్లా సూరీడు ఒచ్చీసి కూకుంటాడు."

అమ్ము ఫోనులో చూసి, "సచ్ హై, నిజమే తాతయ్యా," అంది. నా జీవితంలో షిఫ్టు మార్చవలసి వచ్చింది అప్పుడే! మార్చాను. సముద్రం ఫస్ట్ షిఫ్టుకి, జైలు మధ్యాహ్నానికి. షట్‌డౌన్లో మాత్రం మార్పులుండవా?

అంతా బాగుందనుకుంటుండగా అమ్ము నోరు జారింది. "ఆంటీ, మేం హోటల్ బుక్ చేసేస్తున్నాం, టెన్షన్ వద్దు."

తెరమీద నవ్వు ఆగిపోయింది.

"మా ఊరొచ్చి హోటల్లో దిగుతారా? అప్పా, మా ఇంట్లో సాప లేదనుకున్నావేటి? అలాగైతే రాకండి."

మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ప్రయాణం అక్కడితో ఆగేటట్టుంది. అమ్ము ముఖం చిన్నబోయింది. అది నెల రోజులుగా వెతికి పెట్టుకున్న కాటేజీ. పైడమ్మ ఉండే టౌన్లో కాదు, పడవెక్కి వెళ్ళవలసిన మరో దీవిలో ఉంది. ఆ సంగతి నేను పైడమ్మకి విడమరిచి చెప్పాను.

"ఆ దీవిలోనా? అక్కడ మాకు ఇల్లు లేదులే," అని పైడమ్మ కొంచెం తగ్గింది. "మంచి బీచంట. దొరలొస్తారంట."

"అంటే, నువ్వు సూడలేదేటి?" అంది సింహాచలమ్మ.

"పడవ ఒడ్డుకొచ్చే యేళకి సేపలు బాగుచేసేవోళ్ళుండాల గదప్పా. నాకు తీరిందెప్పుడు?"

సింహాచలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఇంతమందికి అన్నం పెట్టి, ఎక్కడికీ కదలని తనలాంటి మనిషే తెరమీద కనబడిందేమో, నేను అడగలేదు. తర్వాత ఆవిడ మాట్లాడిన తీరు మాత్రం మా ఫోర్‌మన్ మాట్లాడినట్టుంది.

"ఇలగ సేద్దాం. మీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మీ ఇంట్లోనే ఉంటాం, నువ్వే ఒండిపెట్టు. ఆ దీవికెల్లినప్పుడు నువ్వూ మాతో రావాల. కాటేజీలో నా పక్కనే పడక. నువ్వు రానంటే నానూ రాను. ఏటంటావు?"

"ఓలప్పా! మా ఆయన్ని అడగాల..."

"ఆయనకి రెండ్రోజులు అన్నం ఒండుకోడం రాదేటి? ఇవ్వు ఫోను, నాను సెప్తాను."

అవతల పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వస్తానంది. ఇవతల అమ్ము గంతులేసి, "తాతయ్యా, పడవకి ఇంకో టిక్కెట్!" అని అరిచింది.

నా బహుమతులూ శాలువా బీరువాలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. కాని ఎన్నడూ చూడని ఊళ్ళో ఇల్లు సంపాదించి, ఆ ఇంటిదాన్నే యాత్రకి లేవదీసిన మనిషి మా ఆవిడ. ఆ ఘనతకి ఏ సంఘం శాలువా కప్పుతుందో చూడాలి.

ఆ పూటే అటక మీంచి నా పాత కేరేజీ దించమంది. తోముతూ అడిగింది.

"అక్కడ సముద్రం కాడికి ఎన్నింటికి లేవాలన్నారు?"

"నాలుగింటికి లేస్తే సరిపోతుంది."

"అదేటి, నాకు కొత్తా?" అని కేరేజీ గిన్నెలు ఎండలో బోర్లించింది.