అత్తను ఇంటికి చేర్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టి ఏడిపించేవారు. నాకు పడ్డ పేరు ‘తప్పిపోయిన పిల్ల’. నెల్లిమర్ల సంతలో ఒకసారి అమ్మ చెయ్యి వదిలేసి, అందరూ గాలిస్తుంటే బెల్లం కొట్టు అరుగు మీద ఏడుస్తూ దొరికాను. అంతే, ఇక ఆ పేరు వదల్లేదు.

మా మేనత్త కాపురం విశాఖపట్నంలో, కంచరపాలెంలో. ఆవిడకి పిల్లలు లేరు. నన్ను తన దగ్గరే ఉంచుకుని చదివిస్తానని పట్టుబట్టింది. మా ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. నాన్నకి చదువంటే ఇష్టమే గానీ, సంతలోనే తప్పిపోయిన పిల్ల పట్నంలో ఏమైపోతుందోనని భయం. నాకేమో ఆ పట్నం బడి మీద ప్రాణం. ఎవరైనా ఆ బడి మాట ఎత్తితే ఆరాటంతో అన్నం సయించేది కాదు.

ఆ వేసవిలో నాన్నా నేనూ అత్త వాళ్లింటికి చుట్టం చూపుగా వెళ్లాం. మర్నాడు నాన్నని ఇంట్లో ఉండమని, ఊరు చూపిస్తానంటూ అత్త నన్ను బయల్దేరదీసింది. అదంతా ఒక్క ఊరంటే నేను నమ్మలేదు. వన్‌టౌన్ ఇరుకు సందుల్లో పాత పెంకుటిళ్లు, వాటి మీదుగా ఓడల కూతలు. రేవు దగ్గర తడి వలలు, చేపల గంపలు, కేకలు. వాల్తేరు మెరక ఎక్కితే వెడల్పాటి రోడ్లు, గేట్లు మూసిన బంగళాలు, మనిషి అలికిడి లేదు. పూర్ణా మార్కెట్లో మిరపకాయల ఘాటుకి ఒకటే తుమ్ములు.

ఎక్కడ ఆగినా అత్త ముందుగా ఎవరో ఒకరిని “మీదే ఊరు?” అని అడిగేది. సోడా కొట్టాయనది బొబ్బిలి, బంగళా కాపలాదారుది పాలకొండ. ఆ వెంటనే ఎవరి తాలూకు, పిల్లని ఏ ఊరిచ్చారు అంటూ ఆరా. మా వైపు అంతే, ఇద్దరు కలిస్తే ఏదో ఒక చుట్టరికం తేలేదాకా వదలరు. తేలిందా, ఇక బావా, మావా, పిన్నీ.

పొద్దు వాలుతుండగా అత్త మార్కెట్లో ఓ మెట్టు మీద కూలబడింది.

“ఒసే, నాకు దారి తెల్దు. నువ్వే తీసుకెల్లాల. నన్నింటికి సేర్సినావంటే నీ బడి మాట మీ నాన్నతో నేను సెప్తాను.”

ఏళ్ల తరబడి అక్కడే కాపురముంటున్న మనిషికి దారి తెలియకపోవడమేమిటని నాకు తట్టనేలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. అత్త తల తిప్పుకుని కూర్చుంది. చివరికి ఎదురుగా పూలమ్ముతున్న ఒకావిడ దగ్గరకి వెళ్లాను. దారి అడుగుదామనే అనుకున్నాను. పొద్దుటి నుంచీ విన్న మాటే పైకొచ్చింది: “మీదే ఊరు?”

“గరివిడి. నువ్వెవులి తాలూకే?”

మా ఊరి పేరు చెప్పాను.

“ఓలమ్మ! మా సెల్లినిచ్చిన ఊరే!” అంటూ ఆవిడ లేచి, నా జడలో మల్లెలు తురిమి, బస్సాగే చోటు దాకా వచ్చి చూపించింది. బస్సెక్కాక కండక్టరునీ వదల్లేదు. అతనిది ఎచ్చెర్లట. మా స్టాపు రాగానే నన్ను పిలిచి మరీ దింపాడు. అక్కణ్ణుంచి ఇంటిదాకా అత్త చెయ్యి నేను పట్టుకుని ముందు నడిచాను. ఆ నడక ఇప్పటికీ నా కాళ్లకి గుర్తుంది.

నాన్న గుమ్మంలోనే ఉన్నాడు.

“ఒరే, సూడు! మార్కెట్టు కాణ్ణించి నన్ను తెచ్చినాది ఇదే,” అంది అత్త.

నాన్న నన్నూ, నా జడలో పూలనూ మార్చి మార్చి చూశాడు. “ఐతే రేపు నన్ను సముద్రం కాడికి తీసుకెల్లే,” అన్నాడు. బడి నాదైపోయిందని అప్పుడే తెలిసింది. ఆ సంతోషానికి వీధంతా గెంతాను.

జూన్‌లో చేరాను. నన్ను తప్పిపోయిన పిల్ల అన్నవాళ్లే తర్వాత పట్నం వస్తే, బస్సు దిగి నా కోసం కాచుకునేవారు.

ఇప్పుడు హైదరాబాదులో మా మనవరాలు ఫోను చూసుకుంటూ దారి చెబుతుంది. చెప్పనీ. నేను మాత్రం ఆటో ఎక్కగానే ముందుకి వంగి అడుగుతాను. చుట్టరికం తేలినా తేలకపోయినా ఆ డ్రైవరు మొహం విప్పారుతుంది, తన ఊరి గురించి మొదలెడతాడు. మా మనవరాలు సిగ్గుతో తల దించుకుంటుంది. మొన్న దాని ఫోను ఆగిపోతే, తనే నెమ్మదిగా ముందుకి వంగింది.

“అన్నా, మీదే ఊరు?”