డ్యూటీ తీసుకోని రిలీవర్

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లు మంట. భిలాయిలో ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. ఏదైనా ఉందంటే మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమనే రకాన్ని. ఈ ఒక్క సంగతిని మాత్రం ఏ స్లైడు మీదా పెట్టలేకపోయాను.

తొంభైల చివర్లో మాట. మా తమ్ముడు రాజు స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు. వాడి రక్తంలో హెచ్ఐవి ఉందని తెలిసిన ఏడాదే మెదడు పొరలకు ఫంగస్ పట్టింది. వెన్నులోంచి తీసిన నీటిలో నల్లసిరా కలిపి చూస్తే ఆ ఫంగస్ చుట్టూ తెల్లటి వలయాలు కనిపిస్తాయి. ఒళ్లంతా వణికించే ఇంజెక్షన్లు పడ్డాక బతికాడు. అది తిరగబెట్టకుండా ఇక రోజూ మాత్ర మింగాలన్నారు డాక్టరుగారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని కొన్నాళ్లకు మావాడు మానేశాడు. మాకు చెప్పలేదు.

మే నెలలో తలనొప్పి మొదలైంది.

"ఏటవుద్ది, లూ తగిలింది" అంది అమ్మ. లూ అంటే అక్కడి వడగాలి. భిలాయి ఎండల్లో తలనొప్పంటే అందరిదీ అదే మాట. వాడి జేబులో ఉల్లిపాయ పెట్టి, పచ్చిమామిడి పన్నా తాగించింది. పక్కింటి దీదీ వచ్చి అరికాళ్లకు ఉల్లిరసం రాసింది. జ్వరం కూడా పెద్దగా లేదు.

ఆ మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగాక మా గేటు దగ్గర ఒకాయన నిలబడ్డాడు. ఒంటినిండా బొగ్గుదుమ్ము. తెగిన హెల్మెట్ పట్టీని ఎర్రగుడ్డతో ముడేసుకున్నాడు.

"రాజుది లూ కాదమ్మా, పాత జబ్బే. ఆడి డ్యూటీ నాను తీసుకోనని సెప్పు."

మంచినీళ్లు తెచ్చేసరికి లేడు. సెక్టర్ 7లో మా వీధి తిన్నగా ఉంటుంది. ఆ చివరి దాకా ఎండ తప్ప ఎవరూ లేరు.

రాజుకు చెబితే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎర్రగుడ్డ కట్టుకున్నాడా అక్కా? అప్పారావన్న. నా రిలీవర్."

అప్పారావు కిందటి వానాకాలంలోనే గుండెపోటుతో పోయాడు. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి డ్యూటీ తీసుకునేదాకా ప్లాంటులో ఎవరూ చోటు వదలకూడదు. ఆయన తీసుకోనన్నాడంటే, వీడు వెళ్లడానికి లేదన్నమాట.

అప్పుడు బయటపెట్టాడు, మాత్రలు మానేసిన సంగతి. నోటికొచ్చినట్టు తిడుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. వెన్నులో సూది దించగానే నీరు చిమ్మింది. తలలో ఒత్తిడి అంత పెరిగిపోయింది. సిరా కలిపి నేనే చూశాను. నల్లగా పరుచుకున్న సిరాలో అవే తెల్లటి వలయాలు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు.

మళ్లీ ఇంజెక్షన్లు, మళ్లీ వణుకు. ఒత్తిడి తగ్గడానికి మాటిమాటికీ వెన్నులోంచి నీరు తీశారు. ఆఖరిసారి తీసిన నీటిని ల్యాబులో కల్చరుకు పెట్టి చూస్తే ఫంగస్ ఏమీ మొలవలేదు. గెలిచాం! ల్యాబులో ఎగిరి గంతేశాను, ఎవరేమనుకున్నా సరే అని. ఆ తర్వాత అమ్మ ఎదురుగా కూర్చుని మాత్ర మింగించేది. కొన్నేళ్లకు హెచ్ఐవికీ మంచి మందులొచ్చాయి.

మొన్న రాజు రిటైరయ్యాడు. ఆఖరి షిఫ్టులో రిలీవర్ చేయి పట్టుకుని, "డ్యూటీ తీసుకున్నావు కదా భయ్యా?" అని మళ్లీ మళ్లీ అడిగాడట. మెడలో దండతో నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆ మధ్యాహ్నం వచ్చినాయన ఎవరో, ఎలా వచ్చాడో నాకిప్పటికీ అంతుపట్టదు. రాజు మాత్రం రిటైరైన ఆ రోజు లోపలికి రాకుండా, ఆయన నిలబడ్డ గేటు దగ్గరే ఆగి, దండ తీసి ఆ గేటుకే వేశాడు. నేను వద్దనలేదు.