నసీమున్నీసా ముక్కు

మిరపకాయకు తొడిమ తియ్యడంలో నసీమున్నీసాను మించినవాళ్లు సత్తెనపల్లి చుట్టుపక్కల లేరు. కోల్డ్ స్టోరేజి పక్కనున్న రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా అదే పని. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు తుమ్మలేక ఏడుస్తుంటే, "నా ముక్కు ఎప్పుడో చచ్చిందమ్మా, మీదీ చస్తుందిలే" అని నవ్వేది. అదొక గొప్ప ఆవిడకు.

కోడలు నజ్మీన్‌ను ఆ షెడ్డుకు తీసుకెళ్లిందీ ఆవిడే. కిందటేడు వేసవిలో ఆ పిల్లకు ఏడో నెలకే కాన్పయింది. గుప్పెడంత బిడ్డ, ఒక్క పూట బతికింది. దిష్టి తగిలిందన్నారు అందరూ. రెండువేల మూడు మే నెలకు నజ్మీన్‌కు మళ్లీ ఎనిమిదో నెల. రోళ్లు పగిలే ఎండ. పక్కకు వెళ్లడానికి చాటు లేదని షెడ్డులో ఆడవాళ్లు దాహమేసినా నీళ్లు తాగరు. నజ్మీనూ తాగలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఇంటికి రాగానే నజ్మీన్ మంచం మీద కూలబడింది.

"అత్తమ్మా, పొద్దుటి నుంచి లోపల కదల్లేదు."

నసీమున్నీసాకు ఇదీ దిష్టే అనిపించింది. వడగాలి రాకుండా తలుపు, కిటికీ బిగించింది. గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ కోడలి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. పొగ లేచింది గానీ ఘాటు తగల్లేదు. కోడలూ దగ్గలేదు. అమ్మో, ఎన్ని పాడు కళ్లు పడ్డాయో! ఇంకో గుప్పెడు వేసింది. ఆపైన ఇంకోటి.

ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే పక్కింటి బసవమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కార్చుకుంటూ.

"ఏం పొగ వేశావే నసీమక్కా! మా పిల్లలు దగ్గలేక చస్తున్నారు. వీధంతా ఘాటే!"

"ఘాటా?" అంది నసీమున్నీసా.

వెనక్కి తిరిగి చూసింది. పొగలో కోడలు తల వేలాడేసి ఉంది. ఘాటు రాకపోవడం కాదు, అది తెలిసే ముక్కే తనకు లేదు. రెండు వేసవులకే ఆ పిల్లకూ పోయింది. ముక్కును చంపిన దుమ్ము లోపలి బిడ్డను ఊరికే వదులుతుందా? కిందటి బిడ్డను మింగింది ఎవరి కన్నో కాదేమో! కోడల్ని లేవదీసి పొగలోంచి బయటికి నడిపించింది.

బసవమ్మ ఆటో పిలిచి తనూ ఎక్కింది. ఆసుపత్రి వచ్చేదాకా నసీమున్నీసా కోడలి కడుపు మీంచి చెయ్యి తియ్యలేదు. ఏ కదలికా తగల్లేదు.

డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, కడుపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. "గుండె కొట్టుకుంటోంది, కానీ నీరసంగా ఉంది. ఎండ, నీళ్లు తాగకపోవడం, దుమ్ము, పొగ... తల్లికి తగిలేవన్నీ బిడ్డకీ తగుల్తాయమ్మా. నొప్పులు మొదలయ్యాయి, చూద్దాం" అంది.

పొద్దుగూకే వేళకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. కానీ కేరుమంది. నసీమున్నీసా బావురుమంది. నానమ్మ పాత చీరలో చుడితే ఆయుష్షని, మెత్తని చీర ముక్క ఎప్పుడో ఉతికి దాచింది. బసవమ్మ ఇంటికెళ్లి తెచ్చిన ఆ ముక్కలో పాపను చుట్టి గుండెకు హత్తుకుంది.

పాప తుమ్మింది. మళ్లీ తుమ్మింది. ఊపిరందక ముఖం కందిపోయింది.

నసీమున్నీసా గుడ్డ ఊడదీసి, పాపను బసవమ్మ చేతుల్లో పెట్టింది. గుడ్డను ముక్కుకు నొక్కి గట్టిగా పీల్చింది. మిరప పొగ పట్టిందో లేదో ఏమీ తెలియలేదు. ఒంటి మీదున్నదీ షెడ్డు నుంచి కట్టుకొచ్చిన చీరే. ఒక్కో అడుగూ వెనక్కి వేసి గుమ్మం దాకా వెళ్లింది.

"బసవమ్మా, నాకు తెలీదే. నువ్వు వాసన చూసి చెప్పు, నేనెంత దూరంలో నిలబడాలో."