బండి కదిలినాక

మహబూబ్‌బీకి జమ్మికుంట పత్తి యార్డులో జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు. చీపురు మాత్రం ఉంది, అదీ సొంత డబ్బుతో కొనుక్కున్నదే. పత్తి రావడం మొదలైన రోజు నుంచి ఆఖరి బస్తా వెళ్లేదాకా ఆమె అక్కడే ఉంటుంది. మా బాపు సిద్దిరాములు, ఆమె పెనిమిటి జలాలుద్దీన్ ఒకే జట్టులో హమాలీలు. జలాలుద్దీన్ చాచా నడుం పడిపోయి, మంచం పట్టి, చివరికి కాలం చేశాక ఆమె చీపురు పట్టుకుని యార్డులోకి వచ్చింది. నేను చిన్నప్పుడు బాపుకు సద్ది తీసుకెళ్తే, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చేతిలో పుట్నాలు పోసేది. ఇప్పుడు నేను వకీలును. ఆమె మీద దొంగతనం కేసు పడిందని విన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఒళ్లు మండటం నాకు కొత్త కాదు, కోర్టులో అందరికీ తెలుసు.

యార్డులో ఊడ్చే ఆడవాళ్లకు ఎవరూ కూలి ఇవ్వరు. కింద పడ్డ పత్తే వాళ్ల కూలి. రైతు బస్తాలు దించగానే కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మూతి విప్పుతారు. చెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టి గుప్పెడు పత్తి లాగుతారు. పింజ పొడుగెంత, తడి ఉందా, గింజ ఎలా ఉంది అని చూసి ఆ గుప్పెడు కింద పడేస్తారు. తిరిగి బస్తాలో పెట్టడం ఏ మహానుభావుడికీ అలవాటు లేదు. ఇదంతా కాటా పెట్టకముందే జరుగుతుంది కాబట్టి ఆ పత్తికి రైతుకు పైసా రాదు. సాయంత్రం ఆడవాళ్లు దాన్ని ఊడ్చి, మట్టి దులిపి, పరుపులు కుట్టేవాళ్లకు అమ్ముకుంటారు.

దానికీ ఒక కట్టుబాటుంది. రైతు బండి కదిలేదాకా కింద పడ్డది రైతుదే. ఏరుకుని బస్తాలో వేసుకుంటాడో, వదిలేసి పోతాడో ఆయన ఇష్టం. బండి గేటు వైపు కదిలిందంటే అది ఊడ్చినవాళ్లది. కొత్తగా వచ్చిన వాళ్లకు మహబూబ్‌బీ మొట్టమొదట నేర్పేది ఇదే. “బండి కదల్లే, చెయ్యి పెట్టకు” అని యార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా అరిచేది. ఒకసారి మాట వినని ఒకామె చేతిలో చీపురు గుంజుకుని గేటు బయటికి పంపేసింది. యార్డులో దొంగ అనిపించుకున్న మనిషికి మళ్లీ చీపురు పట్టే యోగం లేదు. ఎవరి బస్తాల దగ్గరికీ రానివ్వరు.

ఆ సంగతి మనసులో పెట్టుకుంటేనే ఈ కేసు ఎంత పెద్దదో అర్థమవుతుంది. మూటలో పత్తి ఖరీదు చూస్తే నవ్వొస్తుంది.

ఫిర్యాదు చేసింది దశరథం అనే కొత్త వ్యాపారి. ఆ సీజనులోనే యార్డుకు వచ్చాడు. రెండు మూడు సార్లు ఆయన పేర్చిన బస్తాలు తగ్గాయి. ఎవరు ఎత్తుకుపోతున్నారో తేలలేదు. ఒక సాయంత్రం మబ్బు పట్టి చినుకులు మొదలైన వేళ, నెత్తిన మూటతో గేటు వైపు నడుస్తున్న మహబూబ్‌బీ ఆయన కంట పడింది. ఫోనులో వీడియో తీశాడు, మూట లాక్కున్నాడు, తాను కొన్న పత్తి దొంగిలించిందని స్టేషనుకు వెళ్లాడు. ఐదు వేలలోపు విలువైన దొంగతనమైతే కొత్త చట్టం ప్రకారం మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. ఎస్సై ఆ మాట చెప్పి సర్దిపంపాలని చూశాడు. దశరథం పట్టు వదలకుండా ఆ అనుమతీ తెప్పించాడు. మూటకు సీలు పడింది, మహబూబ్‌బీ ముద్దాయి అయింది.

కాగితాలు తీసుకుని నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఇల్లంతా ఒకే మాట మీద ఉంది. కోడలు నాజ్నీన్ మంచి పిల్ల. టైలరింగు చేసి ఇల్లు లాగుతుంది. చట్టం గురించి ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చింది కూడా.

“అమ్మీ, ఒప్పుకో. ఇంత చిన్న దొంగతనానికి, అదీ మొదటిసారైతే, సొమ్ము వాపసిస్తే జైలు లేదంట. ఏదన్న ఊరి పని చేయిపిస్తరంట. ఆసుపత్రి ఊడువుమంటరు. నువ్వు రోజూ ఊడ్సేదేనాయె.”

నాజ్నీన్ చెప్పింది తప్పు కాదు. చట్టంలో అలాగే ఉంది. కోర్టు వరండాలో నా తోటి వకీళ్లు కూడా అదే అన్నారు. ఒక్క వాయిదాలో అయిపోయేదాన్ని ఎందుకు సాగదీస్తావని నన్ను ఎగతాళి చేశారు.

మహబూబ్‌బీ కోడలి వైపు చూడకుండానే జవాబిచ్చింది. “రోజూ ఊడ్సుడు నా పని. దొంగ అనిపిచ్చుకోని ఊడ్సుడు నా పని గాదు. మల్ల యార్డుల ఎవరికి ముఖం చూపియ్యాలె?”

“సరే చాచీ, ఒప్పుకోకు” అన్నాను నేను. “దొంగతనం అంటే ఏందో జర విను. వస్తువు ఇంకొకరి చేతిల ఉండాలె. వాళ్లు సరేననకుండ తీయాలె. తీసేటప్పుడు మనసుల చెడు ఆలోచన ఉండాలె, అన్యాయంగ ఇంకొకరి సొమ్ము తినాలెనని. తీసి జరుపాలె. గివన్నీ ఉంటేనే దొంగతనం. ఒక్కటి లేకున్నా కేసు నిలువది.”

“మనసుల ఏమున్నదో జడ్జి సారుకెట్ల ఎరుక?”

“చేసిన పనిని బట్టి సూస్తరు.”

ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. వంటింట్లోకి వెళ్లి నాకు చాయ్ తెచ్చింది. ఆ ఊరుకోవడం ఏమిటో నాకు వీడియో చూసినప్పుడు తెలిసింది. మూటతో నడుస్తున్న మహబూబ్‌బీ వెనకాల ఒక ట్రాలీ నిలబడి ఉంది. దాని చక్రం ఊడదీసి ఉంది. అంటే రైతు బండి ఇంకా కదలలేదు.

“చాచీ, బండి ఉండంగనే మూట కట్టినవా?” అని అడిగాను.

“కట్టిన బేటీ” అంది, తల వంచుకుని. “మంథని దిక్కు రాయమల్లు బండి. పంచర్ అయ్యింది. టైరు పట్టుకోని బజారుకు వోయిండు, ఎంతకూ రాలే. చినుకులు వడ్డయి. తడిస్తే పత్తి నల్లగైతది, ఎవరికీ పనికిరాదనుకున్న. గంతల ఇంటికి వోవుడు ఆలిశమైతుందనుకున్న. ఆయనను అడగకుంటనే నడిసిన. గీ యార్డుకొచ్చినంక గట్ల జేసింది గదొక్కసారే.”

నాకు చిరాకేసింది. ఇంత చాదస్తం మనిషితో కేసు నడపడం ఎలా? “కోర్టుల రాయమల్లు పేరెవరూ తీయరు. ఫిర్యాదు దశరథంది. అడగని దానికి జవాబు చెప్పకు” అని గట్టిగా చెప్పాను. ఆమె సరేనంది. అంత తొందరగా సరేనన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

విచారణ రోజు దశరథం తెల్ల చొక్కాతో బోనెక్కాడు. మనిషి చెడ్డవాడేం కాదు, బస్తాలు పోయిన కోపం తీర్చుకోవడానికి ఎవరో ఒకరు దొరకాలి, అంతే. నేను నెమ్మదిగా మొదలుపెట్టాను.

“మీరు కొన్నది కాటా మీద తూగిన పత్తేనా?”

“అవునండి.”

“ఈ మూటలో పత్తి కాటా ఎక్కిందా?”

“ఎక్కలే. సాంపిల్ జూసి కింద పడేసిన పత్తి అది.”

“దానికి రైతుకు పైసలిచ్చారా?”

“తూగని దానికి పైసలెట్లిస్తరు మేడం?”

“మరి అది మీదెలా అయింది?”

ఆయన సర్కారు వకీలు వైపు చూశాడు. “నేను కొన్న బస్తాల నుంచే పడ్డది గదా” అన్నాడు.

“మీ బస్తాల దగ్గర రోజూ ఊడ్చేదెవరు?”

“గీళ్లే.”

“కూలి ఎంతిస్తారు?”

“కూలెందుకు? కిందది తీస్కపోతరు గదా.”

నేను కూర్చున్నాను. నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది, దాచుకోలేదు కూడా. వాదన వినిపించేటప్పుడు గొంతు పెంచి మరీ చెప్పాను. కాటా ఎక్కని పత్తి ఫిర్యాదిది కాదు, ఆయన స్వాధీనంలో లేనిది ఆయన దగ్గర దొంగిలించడం కుదరదు, అది రైతుది, రైతు ఎవరూ ఫిర్యాదు చేయలేదు అన్నాను. “అది రైతుది” అన్న మాట దగ్గర బోనులో ఉన్న మహబూబ్‌బీ తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

అంతకుముందే, సాక్ష్యం అయిపోయాక చట్టప్రకారం జడ్జి గారు ముద్దాయిని అడగాల్సినవి అడిగినప్పుడు ఆమె నేను నేర్పినట్టే “అబద్ధం సారూ” అని ఊరుకుంది. ఇప్పుడు వాదనలు కూడా ముగిశాక, చివరగా ఏమైనా చెప్పుకుంటావా అని ఆయన మామూలుగా అడిగారు. లేదని తల ఊపితే సరిపోయేది.

“ఉన్నది సారూ” అంది మహబూబ్‌బీ. “మా వకీలమ్మ చెప్పింది నిజం. దశరథం సేటు పత్తి నేను ముట్టలే. గది రాయమల్లుది. ఆయన బండి ఇంక కదల్లే. వానొస్తుందని మూటగట్టి నడిసిన. ఆయన మల్ల వచ్చినప్పుడు చెప్తా అనుకున్న. తప్పు జేసిన. దొంగతనం జెయ్యలే.”

కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. జడ్జి గారు రాయడం ఆపి ఆమెను అడిగారు.

“ఆయన మళ్లీ రాకపోతే?”

“వస్తడు సారూ. పత్తి పండిస్తడు గదా, ఎక్కడికి వోతడు?”

తీర్పు మరుసటి వాయిదాకు వచ్చింది. పత్తి ఫిర్యాది స్వాధీనంలో ఉన్నట్టు రుజువు కాలేదు, ఊడ్చేవాళ్లు కిందది తీసుకోవడానికి అక్కడ అందరి ఒప్పుదలా ఉంది, ముద్దాయిలో దురుద్దేశం కనబడలేదు, కాబట్టి నిర్దోషి. అప్పీలు గడువు దాటాక మూటను ఆమెకే ఇవ్వాలని రాశారు. నాజ్నీన్ అక్కడే ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను. మహబూబ్‌బీ మాత్రం మూట ఎప్పుడిస్తారని అడిగింది.

మూట చేతికొచ్చేసరికి కొత్త పత్తి యార్డుకు రావడం మొదలైంది. సీలు గుడ్డ విప్పితే పత్తి పసుపుపచ్చగా మారి ఉంది. ఆమె దాన్ని దులిపి, ఉతికిన గుడ్డలో మళ్లీ కట్టింది. రోజూ మూట తెచ్చుకోవడం, మంథని వైపు బండి ఏది వచ్చినా రాయమల్లు ఎక్కడని అడగడం. తోటి ఆడవాళ్లు తిక్క ముదిరిందని ఆటపట్టించారు. ఆమె పట్టించుకోలేదు. ఒకరోజు ఫోను చేసింది.

“రాయమల్లు వచ్చిండు. జర నువ్వు రా బేటీ. కోర్టుల నువ్వే అన్నవు గదా ఆయనదని, సాక్షిగ ఉండు.”

పని మానుకుని వెళ్లాను. తిట్టుకుంటూనే వెళ్లాను. రాయమల్లు బక్కపలచటి మనిషి, ఆ సాయంత్రం సంగతి ఆయనకు పంచరు తప్ప ఏదీ గుర్తులేదు. ఆమె అంతా చెప్పి, మూట విప్పి, ఆయన బస్తాలో పొయ్యబోయింది. ఆయన గబుక్కున బస్తా మూతి చేత్తో మూశాడు.

“అవ్వా, నీకు దండం వెడత. పాత పత్తి గలిస్తే నా మాలు రేటంత కోస్తరు. గది నువ్వే తీస్కపో.”

మహబూబ్‌బీ మూట మళ్లీ కట్టి ఆయన ట్రాలీ చక్రం పక్కన నేల మీద పెట్టింది. తాను కొంచెం దూరంగా వెళ్లి చీపురు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“తీస్కపొమ్మన్నడు గదా చాచీ” అన్నాను.

“అన్నడు. బండి కదలనీ.”

కొనేవాళ్లు వచ్చారు, గుప్పెళ్లు లాగారు, కింద పడేశారు. వాళ్లలో దశరథం కూడా ఉన్నాడు. మూటను చూశాడు, ఆమెను చూశాడు, పక్క బస్తాకు వెళ్లాడు. ధర తెగింది, కాటా అయింది. రాయమల్లు ట్రాలీ ఎక్కి, పోయొస్తానని చెయ్యి ఊపాడు. బండి గేటు వైపు కదిలింది.

అప్పుడు మహబూబ్‌బీ లేచి వచ్చి, మూట తీసి తన పక్కకు పెట్టుకుని, చీపురుతో ఊడవడం మొదలుపెట్టింది.