తోక తెగిన పిట్టలు

"ముక్కేగా అక్కా ఆ హోల్‌సేల్ ఆయనకి నేనిచ్చింది! అరచేతిలో పట్టే ముక్క! దానికింత రాద్ధాంతమా?"

"అరచేతిలో పట్టిందే. ఇప్పుడు బజారంతా పట్టడం లేదు. వెళ్లి చూసిరా, ప్రతి కొట్టు ముందూ అదే గుడ్డ వేలాడుతోంది."

"వేలాడితే నీకేం పోయింది? ఆ పిట్టల్ని నువ్వేమైనా పొదిగావా?"

"పొదిగినవాడు వేరే ఉన్నాడు. వాడికి నా మొహం ఎలా చూపించాలో అది చెప్పు ముందు."

ఆ పొదిగినవాడు మెట్ల మలుపులోనే ఉన్నాడు. భుజం మీద గుడ్డ చుట్ట, ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద. అతన్ని అందరూ అద్దకం అనే పిలుస్తారు. ఒకప్పుడు కొట్లకు బోర్డులు రాసేవాడు. ఎవడో చెప్పిన అక్షరాలు ఎవడో చెప్పిన రంగులో రాసీ రాసీ విసుగెత్తి, ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా బొమ్మలు గీసుకుని నూలు గుడ్డ మీద అచ్చు వేయడం మొదలుపెట్టాడు. నిన్న సాయంత్రమే బజారు చూశాడతను. తన పిట్టలే, తన కొమ్మలే, చేత్తో నలిపితే గరగరమనే పల్చటి గుడ్డ మీద. పొద్దున్నే అచ్చు వేసే స్క్రీన్లు కడిగి గోడకు తిప్పి పెట్టేశాడు. ఈ చుట్ట ఆఖరిదని చెప్పి వెళ్దామని వచ్చాడు.

పైన అరుస్తున్నావిడ కత్తెరమ్మ. అసలు పేరు ఆవిడే మర్చిపోయి ఉంటుంది. తమ్ముడు కత్తిరిస్తే ఆవిడ కుట్టడం, ఆవిడ కత్తిరిస్తే తమ్ముడు వంకలు పెట్టడం, ఇదీ ఆ కుట్టుగది. జీవితంలో సగానికి పైగా యూనిఫాంలే కుట్టింది. బడిపిల్లలవి బూడిద రంగు, ఆసుపత్రివాళ్లవి తెలుపు, కాపలావాళ్లవి ముదురు నీలం. మిగిలిన ముక్కలతోనే తన బట్టలూ కుట్టుకునేది. "ఒంటి మీద చూస్తే నేను సగం నర్సుని, సగం వాచ్‌మన్‌ని" అనేది.

అలాంటిది, ఒకరోజు ఎవరో గౌను వదులు చేయించుకోవడానికి వచ్చారు. అద్దకం వేసిన పిట్టల గుడ్డ అది. కత్తెరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తూ, చూస్తూ, కొలత తీసుకోవడమే మర్చిపోయింది. మర్నాడు అడ్రసు పట్టుకుని షెడ్డుకి వచ్చేసింది. గుడ్డని వాసన చూసింది. అడ్డంగా లాగింది, ఐమూలగా లాగింది. బొటనవేలు తడిచేసుకుని రంగు దిగుతుందేమోనని రుద్దింది. అద్దకానికి ఒళ్లు మండింది.

"కొంటారా, ఉతుకుతారా?"

"రెండూ చేస్తాను. తొందరపడకు."

అప్పుడే పట్టేసింది ఆవిడ. ఒక స్క్రీను ముగిసి ఇంకో స్క్రీను మొదలయ్యే చోట ఒక పిట్ట తోక ఒంటికి అతకలేదు. గోరంత ఖాళీ. గుడ్డంతా ఆరాక చూసుకుని తల గోడకేసి కొట్టుకున్న తప్పది. అద్దకం నీళ్లు నమిలాడు. "మళ్లీ వేసేటప్పుడు సరిచేస్తానమ్మా."

"చేశావంటే కొనను. ఇన్నాళ్లూ తప్పులేని గుడ్డే కుట్టాను. చచ్చేంత బోరు."

అప్పటినుంచి అదే ఆవిడ పద్ధతి అయిపోయింది. గుడ్డ బల్ల మీద పరిచి ముందు తోక తెగిన పిట్టని వెతుకుతుంది. అది ఎడమవైపు గుండె మీదకు వచ్చేలా కత్తిరింపు కాగితం పెట్టి, తర్వాతే మిగతా కొలతలు. గుడ్డ వృథా అవుతోందని తమ్ముడు నెత్తీనోరూ బాదుకునేవాడు. గౌను తొడుక్కున్నవాళ్లు మాత్రం అద్దం ముందు నిలబడి "ఏదీ, నా పిట్ట ఏదీ?" అని వెతుక్కునేవారు.

పైన గొడవ ఇంకా సాగుతూనే ఉంది.

"ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడక్కా ఆ హోల్‌సేల్ ఆయన! గుడ్డ వాళ్లది, కుట్టు మనది. చుట్టలు కూడా దింపి వెళ్లాడు."

"దొంగసొత్తు ఏడాది పొడుగునా కుట్టాలా?"

"అయితే మళ్లీ ఆ బూడిద యూనిఫాంలేనా?"

"అవే. కడుపుకి బూడిద రంగు, కళ్లకి పిట్టలు. ఇన్నాళ్లూ బతకలేదూ?"

అద్దకం వెనక్కి తిరిగాడు. తిరగడంలో భుజం మీది చుట్ట తగిలి మెట్ల పక్క ఇనప కమ్మీ ఖంగుమంది.

"ఎవరది? అద్దకమేనా? విన్నది చాలు గానీ పైకి రా."

తమ్ముడు అతన్ని చూసి, తల దించుకుని, మెషిన్‌లో లేని దారం సరిచేయసాగాడు. కత్తెరమ్మ గోడకు ఆనించిన నకిలీ చుట్టల్లో ఒకటి లాగి బల్ల మీద దొర్లించి విప్పింది. కళ్లద్దాలు పైకి తోసుకుని వంగింది. కాసేపటికి ఆవిడ భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు అద్దకం. నవ్వుతోంది.

"ఇలా రండి ఇద్దరూ! దొంగతనమైనా ఎంత శ్రద్ధగా చేశాడో చూడండి. తోక తెగిందని కూడా చూసుకోలేదు వెధవ!"

నిజమే. గోరంత ఖాళీ గోరంతే ఉంది. తమ్ముడు మూతి బిగించుకున్నాడు గానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది.

కత్తెరమ్మ చుట్ట చుట్టేసి తమ్ముడి భుజాన పెట్టింది. "తెచ్చిపెట్టుకుంది నువ్వే గనక తిరిగిచ్చేదీ నువ్వే. కత్తెరమ్మ కత్తెరకి ఈ గుడ్డ తెగడం లేదని చెప్పు."

"నీకు తిక్క అక్కా. పచ్చి తిక్క."

"ఇంటి పోలిక రా. మిగతా చుట్టలకి ఇంకోసారి రా, ఒళ్లు కదిలినట్టుంటుంది."

సణుక్కుంటూ తమ్ముడు మెట్లు దిగాడు. అద్దకం గొంతు సవరించుకున్నాడు. "నేను ఆపేస్తున్నానమ్మా. అది చెప్దామనే..."

"ఆపేసేవాడివి ఈ బరువెందుకు మోసుకొచ్చావు?"

అతను చుట్టని బల్ల మీదకి దించాడు. కత్తెరమ్మ అతను తెచ్చిన చుట్ట అంచు పట్టుకుని దగ్గరకు లాక్కుంది. చిన్న చిన్న అక్షరాల్లో అతని పేరు అంచు పొడుగునా ఉంది.

"ఒక్క పని చేసిపెట్టు నాకు. పేరు ఇక్కడ వేస్తావేం, సిగ్గుపడుతున్నట్టు? అంచు మేం మొదటి కోతలోనే తీసి పారేస్తాం. ఆ నకిలీవాడి చేతికి అది చేరనేలేదు. ఈసారి దాన్ని గుడ్డ మధ్యకి లాగు. పిట్టలు కూర్చునే కొమ్మలున్నాయి చూడు, వాటిని నీ పేరులో అక్షరాల్లా వంచు. తెగిన తోక చూడనివాడు కొమ్మలు చదువుతాడా? కొట్టనీ నకలు. బజారంతా నీ పేరు వేలాడనీ. ఆ గుడ్డ మాత్రం మొదట నాకు తెచ్చివ్వు."