నీళ్లు రాలేదని రాసిన మనిషి

మా పెదనాయన పోయాడని మంగళవారం పొద్దున తెలిసింది. కర్నూలులో నేను పనిచేసే ప్రైవేటు బడిలో అది మొదటి పీరియడ్. బోర్డు మీద తారీకు వేస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెదనాయన పోయినాడు. కొళాయి కాడికి పోయొచ్చి మంచం మీద ఒరిగినాడు, మళ్లా లేయలేదు" అన్నాడు. తారీకు సగమే పడింది. మిగతా సగం వేసి, పిల్లలకు ఏదో రాతపని చెప్పి, కోడుమూరు బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది. ఆ అలసట ఆ రోజుది కాదు, రెండేళ్ల నుంచి ఉంది. దాని సంగతే ఇక్కడ చెప్పుకోవాలి.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసిన కొద్దిమందిలో సగం మందికి తప్పుగా తెలుసు. ఆ తప్పు నా వల్ల జరిగింది.

ఆయన మా ఊరి పంచాయతీలో నీళ్లు వదిలే పని చేశాడు, ముప్పై ఏళ్లకు పైగా. బోరు మోటారు గదిలో గోడకు ఒక మేకు, మేకుకు దారం, దారానికి పెన్ను, కింద బల్ల మీద రిజిస్టరు. మోటారు ఎప్పుడు వేసిందీ, ఎప్పుడు ఆపిందీ, ఏ వీధికి నీళ్లు వదిలిందీ అందులో రాయాలి. ఏ అధికారీ దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆయన మాత్రం ఒక్క రోజూ మానలేదు. మోటారు తిరగని రోజు కూడా సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, "ఈ దినము నీళ్లు వదల్లేదు, కరెంటు లేదు" అని రాసి వచ్చేవాడు.

మా నాన్న బెంగళూరులో మేస్త్రీ పనికి పోతే మా చదువులు పెదనాయనే చూసుకున్నాడు. పెద్దమ్మ తొందరగా పోయింది, వాళ్లకు పిల్లలు లేరు. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నన్ను మోటారు గదికి తీసుకెళ్లేవాడు. నాకు రాత అబ్బింది ఆ రిజిస్టరులోనే. ఒకసారి పైపు పగిలి మా వీధికి నీళ్లు రాలేదు. రాయమని పెన్ను నాకిస్తే, "పాపం మా అమ్మ ఎంత దూరం పోయి తెచ్చిందో, ఎంత కష్టపడిందో" అని రాశాను. ఆయన చదివి నవ్వాడు.

"ముందు తారీకు రాయి పాపా. మళ్లా జరిగింది రాయి. ఏడుపు రాయొద్దు. ఏడుపు రాస్తే జరిగింది ఎవురికీ కనపడదు."

ఇన్నేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వ్యాసం రాయడం గురించి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

ఆదివారాలు చర్చి గంట కొట్టేది కూడా ఆయనే. తాడు పట్టుకునే ముందు చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు. కొట్టేశాక ఆఖరి బెంచీలో కూర్చుని, ప్రసంగం సగానికి రాకముందే కునుకు తీసేవాడు. అదేంటి పెదనాయనా అంటే, "పిలిచేది నా పని, వినేది మీ పని" అనేవాడు.

పని మానుకున్నాక తమ్ముడు ఆయనకు తన పాత ఫోను ఇచ్చాడు. ఆ రోజుల్లోనే మా ఊళ్లో ఇంటింటికీ కొత్త కొళాయిలు బిగించారు. పెద్దలు వచ్చి కొబ్బరికాయ కొట్టి, కొళాయి తిప్పి, ఫొటోలు దిగి వెళ్లారు. ఆ రోజు నీళ్లు బాగానే వచ్చాయి. తర్వాత ఎప్పుడొస్తాయో, ఎన్నాళ్లకొస్తాయో చెప్పేవాడు లేడు. కాగితాల మీద మాత్రం మాది నీళ్లున్న ఊరు. పెదనాయనకు రాసుకోవడానికి రిజిస్టరు లేదు కనుక ఫోనులో మొదలుపెట్టాడు. పొద్దున ఆరింటికి ఇంటి ముందు కొళాయి తిప్పి ఒక ఫొటో తీసేవాడు. దాని కింద తారీకు, ఒకే ఒక్క వాక్యం: "ఈ దినము నీళ్లు రాలేదు." ఊరి గ్రూపులో పెట్టేవాడు, నెట్‌లో అందరికీ కనపడేలా కూడా పెట్టేవాడు.

వచ్చిన రోజు వచ్చాయనే రాసేవాడు. అదెందుకని తమ్ముడు విసుక్కుంటే, "వొచ్చిన పొద్దు వొచ్చినాయని రాయకపోతే, రాని పొద్దు రాసింది ఎవురప్పా నమ్మేది?" అన్నాడు.

ఎవరినీ తిట్టలేదు. ఏ నాయకుడి పేరూ ఎత్తలేదు. కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా తమ కొళాయిల ఫొటోలు అలాగే పెట్టడం మొదలయ్యాక పైవాళ్లకు మండింది. ఒక రోజు నాయకుడి మనిషి ఒకడు ఇంటికొచ్చాడు. నేను సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను.

"ఏం పెద్దాయనా, దినామూ ఇదే పనా నీకు? గవర్నమెంటు పరువు తీస్తాండావే."

"నేను తీసేదేముండాదప్పా? కొళాయి తిప్పి సూడు. నీళ్లొస్తే అదే రాస్తా."

"దినామూ అదే రాస్తాండావంటే నీకేమన్నా మతి సెడిందా?"

"దినామూ రాసేటోనికి మతి సెడిందంటే, దినామూ రాని కొళాయిని ఏమనల్ల?"

ఆ మనిషి నవ్వలేదు. నాకు అప్పుడే భయం మొదలైంది. రెండు రోజులకు పోలీసు స్టేషను నుంచి తమ్ముడికి ఫోను వచ్చింది, మీ ముసలాయనకు చెప్పుకోండి అని. చెప్పాం. ఆయన వినలేదు. కష్టమొస్తే మావాళ్లంతా చేసే పనే నేనూ చేశాను. చర్చి సంఘం ఆడవాళ్ల ప్రార్థన గ్రూపులో విన్నపం పెట్టాను. "మా పెదనాయన మనసు సరిగా లేదు. ఒకే మాట పట్టుకున్నాడు, ఎవరు చెప్పినా వినడం లేదు. ప్రభువు ఆయన మనసు బాగుచేసేలా ప్రార్థించండి."

మాలో ఇది మామూలే. చదవని కొడుకు మనసు కోసం, తాగే భర్త మనసు కోసం ఇలాగే రాస్తాం. ఎదురింటి అవ్వ అందరికంటే ముందు ఆమెన్ పెట్టింది. ఆ వెనక నలభై మంది పెట్టారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఎవరో దాన్ని ఇంకెవరికో పంపారు. ఎవరని నేను ఆరా తీయలేదు.

వారం తిరక్కముందే పోలీసు జీపు వచ్చింది. డాక్టరుకు చూపించి తీసుకొస్తామని ఆయన్ను ఎక్కించుకుపోయారు. ఎక్కడికి తీసుకెళ్లారో తెలియడానికి రెండు రోజులు పట్టింది. పిచ్చాసుపత్రి. నేను వెళ్లేసరికి డాక్టరు బల్ల మీద ఆయన ఫైలు ఉంది. అందులో మొదటి కాగితం నా విన్నపం. అచ్చు తీసి, నా పేరు కింద ఎర్రగీత గీశారు. రెండో కాగితంలో జబ్బు లక్షణాలు ఉన్నాయి. రోజూ ఒకే వేళకు కొళాయి దగ్గరకు వెళ్లడం, రోజూ ఒకే వాక్యం రాయడం. ముప్పై ఏళ్లు ఆ పనికే ఆయనకు జీతమిచ్చారు.

"ఇంట్లోవాళ్లే రాశారు కదా మేడమ్" అన్నాడు ఆ కుర్ర డాక్టరు, మర్యాదగానే.

"అది ప్రార్థన సార్" అన్నాను.

పెదనాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మందుల వల్ల మాట ముద్దముద్దగా వస్తోంది. అది రాసింది నేనే అని చెప్పాను.

"సూపిచ్చినారులే, సదివినా. తారీకు లేదు, జరిగింది లేదు. అంతా ఏడుపే రాసినావు పాపా." నేను తల దించుకున్నాను. "బయపడినావులే" అన్నాడు. తర్వాత అడిగాడు, "ఈ పొద్దు నీళ్లొచ్చినాయా?"

నాకు తెలియదు. కొళాయి వైపు చూడకుండానే ఇంట్లోంచి బయల్దేరాను.

పందొమ్మిది రోజులు ఉంచారు. సెలవు నుంచి తిరిగొచ్చిన పెద్ద డాక్టరమ్మ ఆయనతో అరగంట మాట్లాడి, ఈయనకు ఏ జబ్బూ లేదు, ఇంటికి పంపండి అని రాసిచ్చింది. ఆ కాగితాన్ని మాత్రం ఎవరూ ఎవరికీ పంపలేదు. పోలీసులు ఫోను తిరిగి ఇవ్వలేదు. ఆ మందులతో వచ్చిన చేతుల వణుకు చివరిదాకా పోలేదు. రాయడం ఆగిపోయింది గానీ ఆరింటికి లేచి కొళాయి తిప్పడం ఆగలేదు. తిప్పి, కాసేపు చూసి, కట్టేసి లోపలికొచ్చేవాడు. గంట కొట్టే పని వేరేవాళ్లకిచ్చారు. "మనసు బాగలేనోడు గదా, తాడు లాగి గంట యాడ మీదేసుకుంటాడో" అందట ఎదురింటి అవ్వ. ఆమెను ఏమనగలను? ఆ మాట ఆమెకు ఇచ్చింది నేనే.

అన్నిటికంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. ఆదివారం ఆరాధనలో విన్నపాల పట్టీ చదువుతారు. నా విన్నపం ఆ పట్టీలోకి ఎక్కింది, మళ్లీ దిగలేదు. "మన సహోదరుని మనసు కోసం" అని చదివినప్పుడల్లా ఆయన ఆఖరి బెంచీలోంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. తీసేయమని నేను పాస్టరయ్యను అడగొచ్చు. ఎందుకంటాడు. నేను రాసింది తప్పని పదిమందిలో చెప్పాలి. చెబితే మళ్లీ జీపు వస్తుందేమో. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఒకసారి ఆయనతోనే అంటే, "ఉండనీలే పాపా, ప్రార్థనే గదా. కొళాయి కోసరం గూడా ఒకటి పెట్టు, దానికి శానా అవసరముండాది" అని నవ్వాడు.

బుధవారం భూస్థాపన. చర్చిలో పాస్టరయ్య ప్రేమగానే మాట్లాడాడు. "మనోవ్యాధితో పోరాడి విశ్రాంతిలో ప్రవేశించిన మన సహోదరుడు" అన్నాడు. తర్వాత ఇంట్లోవాళ్లు ఆయన గురించి సాక్ష్యం చెప్పాలన్నారు. నేను లేచాను. నాయకుడి మనిషి దండ తెచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ముందు తారీకు చెప్పాను. తర్వాత, "మా పెదనాయనకు ఏ మనోవ్యాధీ లేదు. ఆ మాట రెండేండ్ల కింద నేను బయపడి రాసినా. అది తప్పు. అది సూపిచ్చి ఆయప్పను పందొమ్మిది దినాలు పిచ్చాసుపత్రిలో పెట్టినారు. ఏ జబ్బూ లేదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం ఈడ ఉండాది" అన్నాను. ఈసారి మాత్రం చూసే వచ్చాను. "ఈ పొద్దు ఆరింటికి కొళాయి తిప్పినా. నీళ్లు రాలేదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు ఎదురింటి అవ్వ, కూర్చున్న చోటి నుంచే, "మాకు గూడా రాలేదు" అంది. వెనక నుంచి ఇంకొకామె "మా వీధిలోనూ రాలే" అంది. పాస్టరయ్య కీర్తన ఎత్తుకున్నాడు.

సమాధుల తోటలో తలా గుప్పెడు మట్టి వేశాం. గేటు దగ్గర అక్కడా ఒక కొత్త కొళాయి ఉంది. చేతులు కడుక్కోవడానికి తమ్ముడు అలవాటుగా దాన్ని తిప్పాడు. అది కాస్త గాలి వదిలి ఊరుకుంది. మట్టి చేతులతో అందరం దాని చుట్టూ నిలబడిపోయాం, నాయకుడి మనిషితో సహా. ఎదురింటి అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, సంచిలోంచి ఫోను తీసి, కొళాయికి ఎదురుగా పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"తారీకు ఎంత పాపా, ఈ పొద్దు?"